అక్షరరూపమును ఎన్నుకొను వివేకము

ఒక శుభలేఖ యైనను, ఒక పద్యకావ్య మైనను, వీధి మలుపున కట్టు ఒక ఫ్లెక్సీ యైనను, దానిని తయారు చేయించువాడు కాగితపు వన్నెను గూర్చి ఇంటిల్లిపాదితో ఆలోచించును, బొమ్మను గూర్చి చిత్రకారునితో వాదించును, వెలను గూర్చి ప్రెస్సువానితో బేరమాడును. కాని వీనియన్నిటికంటె ఎక్కువసేపు చదువరి కంటితో మెలగవలసిన అక్షరరూపమును మాత్రము, పని ముగియవచ్చిన వేళ, కంప్యూటరు తెరపై కానవచ్చు పేర్ల పట్టికలో నాలుగైదింటిని తాకి చూచి, వానిలో కంటికి కొత్తగా తోచినదానిని పట్టుకొని, "ఇది బాగున్నది, ఇదే వేయుము" అని డి.టి.పి. చేయువానితో చెప్పి చేతులు దులుపుకొనును.

విషయము చిన్నదే. అయినను, నిర్ణయము చేయుటలో మన స్వభావమున గల లోపములను ఇంత స్పష్టముగ బయటపెట్టు సందర్భములు తక్కువ. తనకు నచ్చినది చదువరికి తగినదని భ్రమించుటయు, కొత్తదనమునే యోగ్యతగ నెంచుటయు, పరీక్షింపకయే మెచ్చుటయు ఈ ఒక్క పనిలోనే కలిసి కనబడును. నిర్ణయశక్తిని అలవరచుకొనగోరువారి కొఱకు వ్రాయుచున్న ఈ గ్రంథమున అక్షరరూపమునకు ఒక అధ్యాయమును కేటాయించుట అందుచేతనే ఉచితమని తలంచితిని. నేను ఇందు చెప్పదలచిన మాట ఇది: ఫాంటును దాని పేరును బట్టి గాని, నమూనాపత్రమునందలి సొగసును బట్టి గాని ఎన్నుకొనరాదు, మీరు అచ్చువేయబోవు మాటలలో మిక్కిలి క్లిష్టమైనవానిని ఏరి, వేయబోవు కొలతలోనే, వాడబోవు కాగితముపైననే అచ్చువేసి, దానిని చదువవలసినవాని చేతికిచ్చి, అతడు తడబడక చదివెనా లేదా అని చూచి ఎన్నుకొనవలెను.

ఏ ఫాంటు అని అడుగుటకు ముందు, ఎవరు చదువుదురు, ఎంత దూరమునుండి చదువుదురు, ఎంతసేపు చదువుదురు అని అడుగుట అలవాటు చేసికొనుడు. మన రైల్వే స్టేషన్లలో పసుపుపచ్చని పలకపై నల్లని అక్షరములతో వ్రాసిన ఊరిపేరును చూచియే యుందురు. కదలుచున్న బండిలో కిటికీ ప్రక్కన కూర్చున్నవాడు రెండు క్షణములలో దానిని పట్టుకొనవలెను గనుక, అక్కడి అక్షరము లావుగ, విడివిడిగ, అలంకార రహితముగ నుండును. అదే అక్షరమును రెండువందల పుటల నవలకు వాడినచో పదవ పుటకే కన్ను అలసిపోవును. నవలకు తగిన సన్నని, సమమైన అక్షరమును స్టేషను పలకపై వ్రాసినచో ఊరు దాటిపోయిన పిమ్మటగాని ఊరిపేరు తెలియదు. ఈ రెండింటిలో ఏదియు చెడ్డ అక్షరము కాదు. తన చోటు తప్పిన మంచి అక్షరములే లోకమున ఎక్కువ.

ఇక తెలుగక్షరపు నిర్మాణమును గూర్చి కొంత వివరముగ చెప్పవలసి యున్నది, ఏలయన మన భాషలో ఫాంటు యొక్క మంచిచెడ్డలు తేలునది అక్కడనే. ఆంగ్లాక్షరములు ఒక గీత వెంబడి ప్రక్కప్రక్కన నడచును. మన అక్షరము అట్లు గాక, నడుమ హల్లు, దాని నెత్తిన తలకట్టో గుడియో ఏత్వమో, అడుగున ఒత్తు, ఆ ఒత్తునకు తోడుగ వేఱొక ఒత్తు, ఇట్లు అంతస్తుల మేడవలె పైకిని క్రిందికిని పెరుగును. "స్త్రీ" అను ఒక్క అక్షరమును తెరపై పెద్దదిగ చేసి నిదానముగ పరిశీలింపుడు. పైన గుడిదీర్ఘము, దాని క్రింద సకారము, సకారమునకు అడుగున తకారపు ఒత్తు, ఆపై రేఫపు ఒత్తు. ఈ నాలుగింటికిని చోటు కల్పింపవలసిన అక్షరశిల్పి ముందు రెండు దారులు కలవు. ఒత్తులను తగినంత పెద్దవిగ నుంచి ఒకదానిక్రింద నొకటి దించినచో అక్షరము స్పష్టముగనే యుండును గాని, క్రింది పంక్తిలోని గుడులను పోయి తాకును. వానిని కుదించి ఒకదాని ప్రక్కన నొకటి ఇమిడ్చినచో పంక్తుల క్రమము చెడదు గాని, చిన్న కొలతలో ఆ ఒత్తులు నలుసులై పోవును. ఏ శిల్పి యైనను ఈ రెండింటి నడుమ ఎక్కడనో ఒకచోట నిలిచియుండును. అతడు ఎక్కడ నిలిచెనో తెలిసికొనుటయే మీరు చేయవలసిన మొదటి పరీక్ష.

నమూనాపత్రములు ఈ పరీక్షకు పనికిరావు. వానిలో సాధారణముగ అచ్చువేయునవి అమ్మ, తెలుగు, కమలము వంటి సుకుమారమైన మాటలు. అవి ఏ ఫాంటులోనైనను ముచ్చటగనే యుండును. మీ వ్రాతప్రతిని ముందుంచుకొని, అందులోనుండియే పదిపండ్రెండు కఠినమైన మాటలను ఏరుకొనుడు. రాష్ట్రము, లక్ష్మి, జ్యోత్స్న, ఉత్ప్రేక్ష, వైశిష్ట్యము, స్వాతంత్ర్యము వంటివి దొరకును. నేటి రచన యైనచో సాఫ్ట్‌వేర్, పోస్ట్‌మాస్టర్ వంటివియు తప్పక యుండును. రాష్ట్రమునందు టకారపు ఒత్తును రేఫపు ఒత్తును ఒకదానితో నొకటి పెనగులాడుచున్నవా? లక్ష్మియందు మకారపు ఒత్తు విడిగ తెలియుచున్నదా, లేక క్షకారములోనే కరగిపోయినదా? జ్యోత్స్నయందు సకార నకారపు ఒత్తులు రెండును కానవచ్చుచున్నవా? పోస్ట్‌మాస్టర్ అనునప్పుడు సకారపు నెత్తినున్న పొల్లు ప్రక్క అక్షరమును గీకుచున్నదా? ఈ మాటలను ఒకే కాగితముపై నాలుగు ఫాంట్లలో, మీరు వాడబోవు కొలతలో, ఒకదానిక్రింద నొకటి అచ్చువేసి చూచినచో, అంతవఱకు ఎంతో సమానముగ కనబడిన ఆ నాలుగును ఒక్కసారిగ వేఱుపడి నిలుచును. గంటసేపు వాదించినను తెగని తగవు ఈ ఒక్క కాగితముతో తెగుటను నేను పలుమాఱులు చూచితిని.

ఒత్తుల పిమ్మట చూడవలసినవి పోలికగల అక్షరములు. దకార, ధకార, థకారముల నడుమ భేదమంతయు అడుగున ఒక చిన్న గీతయందును లోపల ఒక చుక్కయందును ఉన్నది. డకార ఢకారములకును, పకార ఫకారములకును భేదము ఆ అడుగు గీతయే. నాసిరకపు కాగితముపై సిరా కొంత వ్యాపించును. అప్పుడు థకారము లోపలి చుక్క పూడి "కథ" అను మాట "కధ"గ చదువబడును. పకారము నెత్తిన తలకట్టునకును క్రిందిభాగమునకును నడుమనున్న సందు మూసికొని అది వకారమును తలపించును. తెరపై నూటికి రెండువందల వంతులుగ పెంచి చూచినవానికి ఈ ప్రమాదము ఎన్నటికిని తెలియదు. పాఠ్యపుస్తకములకు అక్షరమును ఎన్నుకొనువారు ఈ విషయమున మిక్కిలి జాగరూకులై యుండవలెను, ఏలయన పెద్దలు సందర్భమును బట్టి సరిచేసికొని చదువుదురు గాని, అక్షరములు నేర్చుకొను పసివాడు చూచినదే నేర్చుకొనును.

గీత యొక్క మందము తరువాతి విచారము. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి ఉచితముగ లోకమున కందించిన పోతన 2000, వేమన 2000 అను ఫాంట్లను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఈ భేదము ఎవరికైనను సులభముగ బోధపడును. పోతనయందు గీత ఒకచోట లావై మఱియొకచోట సన్నగిలుచు వంపు తిరుగును. వేమనయందు అది ఆద్యంతము ఇంచుమించు సమముగ సాగును. మంచి కాగితముపై, పదునాలుగు పాయింట్ల కొలతలో, కావ్యమునకో వ్యాససంపుటికో మొదటి రీతి శోభించును. సన్ననిగీతలు చెదరిపోవు చోటుల, అనగా చేతిఫోను తెరపై, కరపత్రమునకు వాడు పలుచని కాగితముపై, ముదురు రంగుమీద వేయు బంగారు సిరాతో, రెండవ రీతియే నమ్మదగినది. సమమైన గీతగల అక్షరము పాశ్చాత్యుల అనుకరణమనియు, అది తెలుగుదనమునకు దూరమనియు ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపము నిలువదు. తాటియాకుపై గంటముతో గీసి మసి పట్టించిన అక్షరమున గీత సమముగనే యుండెను. లావు సన్నముల ఒయ్యారము కలమువలనను, అచ్చుదిమ్మెలు చెక్కినవారి చేతివలనను తరువాత వచ్చి చేరినది. రెండును మనవే. పనిని బట్టి ఏరుకొనుటకు మనకు పూర్ణమైన స్వేచ్ఛ కలదు.

ఆ అచ్చుదిమ్మెల చరిత్రను ఒకింత స్మరించుట మేలు. జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ 1740 దశకమున తెలుగు గ్రంథములను అచ్చువేయించెను. శ్రీరామపురమున విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, చెన్నపురిలో కాంబెల్ వ్యాకరణము 1816లోను వెలువడినవి. 1854లో చెన్నపురిలోనే వావిళ్లవారి ముద్రణాలయము వెలసి తరతరముల తెలుగువారికి అచ్చక్షరపు రూపమును కంటికి అలవాటు చేసినది. ఈ కాలమంతయు అక్షరశిల్పి సీసపు దిమ్మె ఎత్తునకు లోబడి గుడులను ఒత్తులను కుదింపవలసివచ్చెను. కంప్యూటరునందు ఆ నిర్బంధము లేదు. అయినను మన ఫాంట్లలో పెక్కింటియందు ఆ పాత కుదింపు అట్లే నిలిచియున్నది. కొన్నింటియందు అందుకు విరుద్ధముగ ఒత్తులు హద్దులేక క్రిందికి జాఱుచున్నవి. ఆ నడుమ త్రోవను చక్కగ సాధించిన పనులును లేకపోలేదు. మూర్తి క్లాసికల్ లైబ్రరీవారు 2015లో పెద్దన మనుచరిత్రమును ఆంగ్లానువాదముతో ప్రకటించినప్పుడు, ఎడమ పుటలోని తెలుగు మూలమునకు ఫియోనా రాస్, జాన్ హడ్సన్ అనువారు ప్రత్యేకముగ అక్షరమును రూపొందించిరి. ఆ గ్రంథము చేతికి దొరకినచో, అర్థము కొఱకు కాకపోయినను, పద్యముల ఒత్తులు పంక్తికి పంక్తికి నడుమ ఎంత నెమ్మదిగ కూర్చున్నవో చూచుట కొఱకైనను తెఱచి చూడుడు.

అక్షరమునకు స్వభావము కలదనుట సత్యమే గాని, ఆ స్వభావము దాని పేరులో నుండదు. అమెరికాలోని మనవారి సంస్థ యగు సిలికానాంధ్ర వెలువరించిన ఫాంట్లకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, రామభద్ర, గిడుగు, గురజాడ, మండలి అని మహనీయుల పేర్లు పెట్టిరి. అది భక్తితో చేసిన పని, ప్రశంసనీయము. అంతమాత్రమున శైవకావ్యమునకు ధూర్జటినే వాడవలెననియు, వ్యావహారికోద్యమ చరిత్రకు గిడుగునే వాడవలెననియు అనుకొనరాదు. ధూర్జటి శీర్షికలకును పోస్టర్లకును తగినది. కావ్యపాఠమును దానితో నింపినచో పుట బరువెక్కును. రామభద్ర లావైన శీర్షికాక్షరము. మండలి పత్రికల వ్యాసభాగములను దృష్టియందుంచుకొని చేసినది గనుక పేరాలకు పేరాలు సాగు వచనమునకు ఒప్పును. ఒకే కుటుంబమున సన్నము మొదలు లావు వఱకు పెక్కు మందములు కావలసినవారికి హింద్ గుంటూరు కలదు. మందములతోపాటు వెడల్పును గూడ మార్చుకొనదలచినవారికి అనేక్ తెలుగు కలదు. పిల్లల పుస్తకముల అట్టలకును, మిఠాయి దుకాణపు పలకలకును బలూ తమ్ముడు యొక్క బొద్దుదనము ముచ్చట గొలుపును.

చిత్రకారులు బాపుగారి చేతివ్రాతను అనుకరించిన అక్షరములను గూర్చి ఒకమాట. ఆయన గీసిన అట్టలమీదను, సినిమా పేర్లయందును ఆ వ్రాతకు గల జీవకళ సాటిలేనిది; అందుచేతనే అది నేడు పెండ్లిపత్రికలనుండి పచ్చళ్ల సీసాల వఱకు ప్రతిచోట కానవచ్చుచున్నది. ఆయన అట్ట గీయునప్పుడు ఆ పేరులోని ఒక్కొక్క అక్షరమును దాని ప్రక్కనున్న అక్షరమును చూచి వంచెను, సాగదీసెను. ఫాంటునందు అదే అక్షరము ప్రతిచోట ఒకే వంపుతో వచ్చును. నాలుగు మాటల శీర్షికయందు ఆ ఒకేరూపపు పునరావృత్తి కంటికి తెలియదు. నలువది పంక్తుల పాఠమున అది విసుగు పుట్టించును. సంతాపసభ ఆహ్వానమునకును, బ్యాంకు నోటీసునకును ఆ చిఱునవ్వు తగదని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ అక్షరముపై నాకు గల ప్రేమవలననే ఇంతగ చెప్పుచున్నాను.

పద్యగ్రంథమును అచ్చువేయించువారికి ప్రత్యేకమైన చిక్కులు కలవు. తాతగారు వ్రాసియుంచిన శతకమును మనుమడు అచ్చువేయింపబూనెననుకొందము. వ్రాతప్రతియందు అరసున్నలు కలవు, బండి ఱకారము కలదు, దంత్య చ, జ లకు గుఱుతులైన ౘ, ౙ ఉండవచ్చును, పద్యపాదముల చివర నకారపు పొల్లు కలదు, పద్యసంఖ్యలు తెలుగంకెలలో నున్నవి. ఫాంటును ఎన్నుకొనుటకు ముందు ఈ గుఱుతులన్నిటిని ఒక పంక్తిలో టైపుచేసి చూడవలెను. కంప్యూటరునందు ప్రతి అక్షరమునకు స్థానము నిర్ణయించు యూనికోడు పట్టికలో ౘ, ౙ లకు స్థానము 2008లో గాని రాలేదు. పాత పుస్తకములలో కానవచ్చు నకారపొల్లు యొక్క ప్రత్యేకరూపమునకు 2021లో గాని రాలేదు. కావున అంతకుముందు తయారైన ఫాంట్లలో అవి ఉండకపోవుట వింత కాదు. లేని అక్షరము వచ్చినచోట కంప్యూటరు ఒక ఖాళీ డబ్బాను చూపును. లేదా, అంతకంటె ప్రమాదకరముగ, వేఱొక ఫాంటునుండి ఆ అక్షరమును ఎరువు తెచ్చి చూపును. ఖాళీ డబ్బాను ప్రూఫు దిద్దువాడు పట్టుకొనును. ఎరువు తెచ్చిన అక్షరమును పట్టుకొనుట కష్టము. అరసున్న ప్రక్క అక్షరములకంటె కొంచెము నల్లగనో కొంచెము పొట్టిగనో కనబడినచో అనుమానింపుడు. అరసున్న చక్కగ రాలేదని దానిని తీసివేయించుకొమ్మని సలహా చెప్పువారు దొరకుదురు. ఆ సలహాను వినక ఫాంటును మార్చుకొనుడు. పద్యము కవిది, ఫాంటు మీరు ఎన్నుకొన్నది.

శుభలేఖయందు కథ వేఱు. దానిని తెచ్చిన చుట్టము గుమ్మము దాటకముందే ఇంటి పెద్దావిడ కండ్లద్దములు పెట్టుకొని వెదకునవి మూడు: ఎవరి పెండ్లి, ఏనాడు ఏవేళకు ముహూర్తము, ఏ ఊరిలో ఏ కల్యాణమండపము. మనవారు వధూవరుల పేర్లను సొగసైన పెద్ద అక్షరములతో వేయుదురు, మేలే. పైన శ్రీరస్తు మొదలగు మంగళవాక్యములను అలంకారముతో వేయుదురు, అదియు మేలే. ముహూర్తమును మండపపు చిరునామాను మాత్రము మిగిలిన చోటులో, తొమ్మిది పాయింట్ల సన్నని అక్షరములతో, మెఱూను రంగుపై బంగారు సిరాతో ఇఱికింతురు. ఆ సిరా వెలుతురులో తళుక్కుమని మెఱయునప్పుడు సన్నని గీతలు అదృశ్యమగును; "ద్వాదశి" అనుచోట ఒత్తు చెదరును. ఇట్టిచోట పేర్లకు ఎట్టి అక్షరమును వాడినను సరే, ముహూర్తమునకు స్థలమునకు సమమైన గీతగల అక్షరమును పండ్రెండు పాయింట్లకు తగ్గకుండ వాడి, వీలైనచో లేతరంగు కాగితముపై ముదురు సిరాతో వేయింపుడు. మఱియొక సూక్ష్మము: "చి॥" అని వ్రాయునప్పుడు వచ్చు ఆ జంటగీతకు యూనికోడునందు తెలుగులో వేఱు స్థానము లేదు, దేవనాగరి పట్టికలోని గుఱుతునే అన్ని లిపులవారును పంచుకొనుచున్నారు. ఆ కారణముచేత కొన్ని తెలుగు ఫాంట్లలో అది ఉండదు. వరుని పేరునకు ముందే ఆ లోపము బయటపడుట ఎవరికిని ఇష్టముండదు గదా, ముందే చూచుకొనుడు.

ఒక పనికి రెండు అక్షరరూపములు చాలును, ఒకటి శీర్షికకు, ఒకటి పాఠమునకు. ఏదేని మాటను నొక్కి చెప్పవలసివచ్చినచో అదే కుటుంబములోని లావైన రూపమును వాడుడు. ఆంగ్లమున వలె అక్షరమును ప్రక్కకు వాల్చుట మన లిపికి సంప్రదాయము కాదు. కంప్యూటరు వాల్చినప్పుడు గుండ్రని వంపులన్నియు కోడిగ్రుడ్డు ఆకారమునకు వచ్చి, ఒత్తులు తమ హల్లుల క్రిందనుండి తొలగిపోవును. లావు రూపము లేని ఫాంటునకు కంప్యూటరుచేత బలవంతముగ లావు చేయించుటయు అట్టిదే. కకారపు, ఖకారపు సందులు పూడిపోవును.

తెలుగు నడుమ ఆంగ్లపదములు, అంకెలు వచ్చుట నేడు తప్పనిది. రెండు లిపులను ఒకే పాయింటు సంఖ్యలో వేసినంతమాత్రమున అవి ఒకే పరిమాణమున కనబడవు, ఏలయన పాయింటు కొలత అక్షరమునకు కేటాయించిన చోటును తెలుపునే గాని అక్షరపు నిజమైన ఎత్తును తెలుపదు. ఆంగ్లమును ఒకటి రెండు పాయింట్లు తగ్గించియో పెంచియో, కండ్లు సగము మూసికొని పుటను చూడుడు. ఏ లిపియు మరకవలె పైకి తేలకున్నచో సరిపోయినట్లు.

పంక్తుల నడుమ ఎడమును గూర్చి లోభము పనికిరాదు. ఆంగ్లగ్రంథములకు నిర్ణయించిన ఎడమునే తెలుగునకు వాడుటవలన మన పుటలు ఇఱుకై, పైపంక్తి ఒత్తులు క్రిందిపంక్తి గుడులతో కలియబడుచున్నవి. పండ్రెండు పాయింట్ల అక్షరమునకు పదునెనిమిది పాయింట్ల పంక్తికొలత కనీసమని ఎంచుకొనుడు. సంస్కృతసమాసములు దట్టముగ నున్న రచనకు ఇరువది మేలు. పుటలు పెరుగునని ప్రచురణకర్త అభ్యంతరము చెప్పినచో, అంచులను తగ్గింపుమనుడు గాని ఎడమును తగ్గింపనీయకుడు. ఇరుకైన కాలమ్ములలో రెండు వైపుల అంచులును సరిపోవునట్లు పేర్చుటయు చిక్కు తెచ్చును: మన మాటలు ప్రత్యయములతో కలిసి పొడుగుపాటివి గనుక, పంక్తికి నాలుగు మాటలే పట్టి, వాని నడుమ బావులవంటి ఖాళీలు తెఱచుకొనును. అట్టిచోట ఎడమ అంచును మాత్రము సరిచేసి కుడి అంచును విడిచిపెట్టుటయే కంటికి హాయి.

మిగిలినవి సాంకేతికములు, అయినను వీనిని ఉపేక్షించినచో ఇంతవఱకు పడిన శ్రమ వ్యర్థమగును. మన ప్రెస్సులలో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో పేజ్‌మేకరునందు పని చేయుట బహుకాలముగ సాగుచున్నది; ఆ అక్షరములలో అందమైనవి కలవు, వానికి అలవాటుపడిన చేతులు వేలకొలది కలవు. కాని ఆ పాత పద్ధతిలో తెలుగక్షరపు ముక్కలు ఆంగ్లాక్షరముల స్థానములలో నిక్షిప్తములై యుండును గనుక, ఆ ఫాంటు లేని కంప్యూటరున తెఱచినచో తెలుగు బదులు అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు కానవచ్చును. యూనికోడునందు ప్రతి తెలుగక్షరమునకు తనదైన స్థానము కలదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినప్పటినుండి సామాన్యుల కంప్యూటర్లలోను అది కానవచ్చుచున్నది. నిలువయుండవలసిన రచనను, వెదకుటకు వీలుగ నుండవలసిన రచనను యూనికోడు ఫాంటులోనే పేర్చుడు. పేజ్‌మేకరు యూనికోడు తెలుగును సరిగ కలుపజాలదు; ఇన్‌డిజైనునందు వరల్డ్ రెడీ కంపోజరు అను ఏర్పాటును ఎన్నుకొననిచో ఒత్తులు విడిపోయి నిలుచును. ప్రెస్సునకు పంపునప్పుడు పీడీఎఫ్‌లో ఫాంటును ఎంబెడ్ చేసి యైనను, అక్షరములను కర్వ్స్‌గ, అనగా గీతల బొమ్మలుగ, మార్చి యైనను పంపవలెను. కర్వ్స్‌గ మార్చిన ప్రతిలో దిద్దుబాట్లు సాగవు గనుక మూలప్రతిని వేఱుగ దాచుకొనుడు. ఇదివఱకే పాత ఫాంటులో నున్న రచనను యూనికోడునకు మార్చు ప్రోగ్రాములు కలవు. ఆ మార్పిడి ముగిసిన పిమ్మట ఒకరు మూలమును పైకి చదువుచుండగా వేఱొకరు కొత్తప్రతిని వ్రేలుంచి చూచుకొనుట మానరాదు. రేఫపు ఒత్తు, పొల్లు, విసర్గ ఉన్నచోట్ల మఱింత నిదానము కావలెను.

ఫాంటు అనుమతిపత్రమును చదువుట చివరిపని. ఓపెన్ ఫాంట్ లైసెన్సు గలవానిని అమ్మకపు పుస్తకములలోను, ప్రకటనలలోను నిరభ్యంతరముగ వాడుకొనవచ్చును, ఫాంటును మాత్రము ఒంటిగ అమ్మరాదు. వెల పెట్టి కొనవలసినవానిని కొని వాడుడు. ఒక తెలుగు ఫాంటున గుణింతములతో, ఒత్తులతో వందలకొలది రూపములను చేతితో గీసి, ఒక్కొక్కటి ఏ అక్షరము ప్రక్కన ఎట్లు నిలువవలెనో నిర్ణయించిన మనుష్యుని కష్టము అందున్నది. గ్రంథము వెనుక అచ్చు వివరములు వేయుచోట, ముద్రాపకుని పేరుతోపాటు, వాడిన ఫాంటు పేరును, దానిని రూపొందించినవారి పేరును, అక్షరపు కొలతను, పంక్తికొలతను ఒక పంక్తిలో వేయింపుడు. పది సంవత్సరముల పిమ్మట రెండవ కూర్పును వేఱొక ఊరిలో వేఱొక ప్రెస్సువాడు అచ్చువేయవలసివచ్చినప్పుడు అతడు మొట్టమొదట వెదకునది ఆ పంక్తినే.